ఇరవై నాలుగు పలకల వీధి

ఆ శుక్రవారం పొద్దున పళ్ళావిడ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికల్లా తన ఊరిని మేడ మీద ఎండలో పెట్టాలి. మధ్యాహ్నం లోపు రెండు సెట్ల పళ్ళకి నునుపు పట్టి పంపించెయ్యాలి. సాయంత్రం అయిదింటికి డాక్టరుగారు కారు తెచ్చేసరికి ఊరంతా అట్టపెట్టెల్లో సర్ది, తల దువ్వుకుని, కాఫీ పెట్టి ఉంచాలి.

పళ్ళావిడ అంటే పళ్ళమ్ముకునే మనిషి అనుకునేరు. ఆవిడ చేసేది కట్టుడు పళ్ళు. ముగ్గురు పళ్ళ డాక్టర్లు కొలతలు పంపిస్తే, తన ముందు గదిలోనే అచ్చులు పోసి, మైనం చెక్కి, పలువరసలు తయారు చేసి పంపిస్తుంది. వీధిలో కొత్తగా దిగినవాళ్ళు ఆ పేరు విని, అరటిపళ్ళు కాస్త మగ్గినవి ఉన్నాయా అంటూ గుమ్మంలోకి వచ్చి, బల్ల మీద వరసగా ఇకిలిస్తున్న దంతాలను చూసి వచ్చిన దారినే వెళ్ళిపోవడం కద్దు.

ఇక ఆవిడ ఊరి సంగతి. నాలుగేళ్ళ కిందట ఆ ముగ్గురు డాక్టర్లలో పెద్దాయన, కొలతలతో పాటు బొటనవేలంత సీసపు సిపాయిని కూడా పంపించాడు. వాడి తుపాకీ విరిగిపోయింది. కాస్త అతికించగలరా అని చీటీ. పళ్ళావిడ అతికించలేదు. పళ్ళకి కొక్కేలు వంచే తీగతో కొత్త తుపాకీయే చేసి పంపింది. డాక్టరు పొంగిపోయి ఆవిడని ఒక శనివారం తమ క్లబ్బుకి పిలిచాడు. అక్కడ నలుగురు పెద్దమనుషులు పెద్ద బల్ల చుట్టూ నిలబడి, సిపాయిల్ని నడిపించి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి యుద్ధం చేస్తున్నారు. ఆట బాగానే ఉంది. కానీ వాళ్ళు బిస్కెట్ డబ్బాలను మేడలంటున్నారు, పుస్తకాల మీద తువ్వాలు కప్పి కొండ అంటున్నారు. పనిమంతురాలి చెయ్యి ఇలాంటివి చూసి ఊరుకోదు.

అప్పటి నుంచి ఆవిడ ఖాళీ దొరికినప్పుడల్లా ఊరు కడుతూనే ఉంది. మొత్తం ఇరవై నాలుగు పలకలు. ఒక్కోటీ అడుగు చదరం. అంచుల్లో అయస్కాంతాలు పెట్టింది. ఏ పలకని ఏ పలక పక్కన పెట్టినా రోడ్డు రోడ్డుతో కలుస్తుంది. అంటే ఒకే ఊరిని ఈ వారం ఒకలా, పై వారం ఇంకోలా పరుచుకోవచ్చు. ఇటుకలు ఒక్కొక్కటీ పళ్ళ అచ్చుల సున్నంతో చేసినవి. కిటికీ అద్దాలు మాత్రల అట్టల్లోంచి వచ్చాయి. శిథిలాల గుట్టలు టీ కాచిన పిప్పి ఎండబెట్టి పోసినవి. యుద్ధంలో దెబ్బతిన్న ఊరు కావాలన్నారు కాబట్టి, ముందు ప్రతి ఇల్లూ పూర్తిగా కట్టి, ఆ తరవాత పళ్ళు తొలిచే మిషనుతో కాస్త కాస్తగా కూలగొట్టింది. కట్టడం కన్నా కూలగొట్టడమే కష్టమని ఆవిడకి ఆ పనిలోనే తెలిసింది.

అయితే పళ్ళావిడ యుద్ధాన్నీ చూడలేదు, కూలిన ఊళ్ళనీ చూడలేదు. ఆవిడ చూసిందల్లా బల్ల ముందు కూర్చుంటే కిటికీలోంచి కనిపించే తన వీధి. అందుకని ఆ వీధినే కట్టింది. ఎదురుగా పెద్దమ్మగారి మూడంతస్తుల మేడ, దాని పక్కన దర్జీ ఇల్లు, ఆ పక్కన లాండ్రీ షాపు, వాటర్ ట్యాంకులు, తీగలు, బట్టలారేసే తాళ్ళు, అన్నీ. కొలతలు వాళ్ళాయన తెచ్చిచ్చాడు. ఆయనకి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. ఎవరి గుమ్మంలోకి వెళ్ళినా ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. మీటరు చూసి, పనిలో పనిగా గోడకి టేపు పట్టి చూసి వచ్చేవాడు.

ఈ సంగతి వీధిలో మూడో మనిషికి తెలియదు. నలభై ఆరేళ్ళ మనిషి సిపాయి బొమ్మలతో ఆడుకుంటోందని తెలిస్తే నవ్వుతారని ఆవిడ భయం. రేపు శనివారం పక్క పట్నాల నుంచి కూడా ఆటగాళ్ళు వస్తున్నారు. ఆవిడ ఊరి మీదే ఆట. నాలుగేళ్ళ పని మొదటిసారి పదిమంది కళ్ళబడబోతోంది. నిన్న పూసిన చివరి వార్నీషు ఒక్క పూట ఎండలో ఆరితే చాలు.

తొమ్మిదింటికి ఆవిడా ఆయనా కలిసి పలకల్ని మేడ మీద పాత దుప్పటి పరిచి పెట్టారు. చేతికి ఏది వస్తే అది. ఆయన డ్యూటీకి వెళ్ళాడు. ఆవిడ కిందికి దిగి పళ్ళకి నునుపు పట్టే మోటారు వేసుకుంది.

తొమ్మిదిన్నరకి పెద్దమ్మగారు మూడో అంతస్తు బాల్కనీలోకి మొక్కలకి నీళ్ళు పోయడానికి వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి. చూపు మాత్రం పదునే. కిందికి చూసింది. ఎదురింటి మేడ మీద, దుప్పటి మీద, తన వీధి కనిపించింది. కళ్ళు నులుముకుని అసలు వీధిని చూసింది. అది మామూలుగానే ఉంది. మళ్ళీ దుప్పటి వైపు చూసింది. అక్కడ తన మేడకి మూడో అంతస్తు సగం లేదు. దర్జీ ఇంటికి పైకప్పు లేదు. లాండ్రీ షాపు గోడలకి గులాబీ రంగు పులిమి ఉంది. పైగా ఆ లాండ్రీ వచ్చి తన మేడని ఆనుకుని కూర్చుంది. పెద్దమ్మగారి చేతిలోని నీళ్ళు ఒకే కుండీలోకి పోయినన్ని పోయి, పొర్లి, రెండో అంతస్తులో ఆరేసిన బట్టల మీద పడ్డాయి.

సరిగ్గా అప్పుడే లాండ్రీ ఆయన ఉతికిన బట్టలు పట్టుకుని పళ్ళావిడ గుమ్మంలోకి వచ్చాడు. లోపల ఆవిడ డాక్టరుగారితో ఫోనులో ఉంది. నునుపు పట్టే మోటారు రొదలో గట్టిగా మాట్లాడటం ఆవిడకి అలవాటు.

"మూల మీద మూడంతస్తుల మేడ ఉంది చూశారూ, అది మొదటి దెబ్బకే పోవాలండీ! అది నిలబడిందంటే ట్యాంకులు మలుపు తిరగలేవు... లోపల ఎవరుంటే ఏంటండీ, పోతారు! ... అదేం లేదు, రేపు పదింటికి మొదలెడితే మధ్యాహ్నానికల్లా వీధంతా తుడిచిపెట్టెయ్యొచ్చు!"

లాండ్రీ ఆయన బట్టల మూట గడప మీద పెట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడిచి, వీధిలోకి వచ్చాక పరిగెత్తాడు.

పావుగంటలో పెద్దమ్మగారి మెట్ల మీద సభ కూడింది. పెద్దమ్మగారు కళ్ళతో చూసింది చెప్పింది. లాండ్రీ ఆయన చెవులతో విన్నది చెప్పాడు. వాటర్ ట్యాంకులన్నీ తీసుకెళ్ళి మూల మీద పెడతారట అని తనకి అర్థమైనంత వరకు విడమరిచాడు కూడా. దర్జీ కాసేపు ఆలోచించి తల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మొన్న వాళ్ళాయన మా గోడకి టేపు పెట్టి కొలిచాడండీ. ఎందుకు బాబాయ్ అంటే, ఊరికే సరదాకి అన్నాడు. సరదాకి ఎవరైనా గోడలు కొలుస్తారా?"

"మాదీ కొలిచాడు," అంది పెద్దమ్మగారు. "బాల్కనీ కూడా కొలిచాడు. నేను మీటరు కోసమే అనుకున్నా."

"ఇంకోటి మర్చిపోయారు," అన్నాడు లాండ్రీ ఆయన గొంతు తగ్గించి. "ఆవిడ బావ ఎవరి దగ్గర పని చేస్తాడు? మున్సిపల్ ఆఫీసులో, ఇంజనీరుగారి జీపు డ్రైవరు!"

ఇంకేం కావాలి? నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ఇక్కడ పొగే కాదు, జీపు కూడా ఉంది. వీధిని కొట్టేస్తున్నారు, ఆ సంగతి పళ్ళావిడకి ముందే తెలుసు, తెలిసీ ఇరుగుపొరుగుతో మాట మాత్రం అనలేదు. పెద్దమ్మగారికి అన్నిటికన్నా ఆ చివరిదే గుచ్చుకుంది.

"జ్వరమొస్తే పక్కన కూర్చుని గంజి తాగించిన మనిషే!" అంది, ఎవరితోనూ కాకుండా.

ఇక్కడితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నం పళ్ళావిడ భర్త భోజనానికి వచ్చి మేడ మీదికి తొంగిచూశాడు. మెట్లగది నీడ సగం ఊరి మీద పడుతోంది. మంచి మనిషి కదా, భార్యని పిలిచి శ్రమ పెట్టడమెందుకని, తనే ఇరవై నాలుగు పలకల్నీ ఒక్కొక్కటే ఎత్తి ఎండలోకి మార్చాడు. వరస గుర్తుండలేదు. గుర్తుండాల్సిన అవసరమూ లేదు. ఆ ఊరి గొప్పతనమే అది.

రెండింటికి పెద్దమ్మగారు మళ్ళీ బాల్కనీలోకి వచ్చి చూస్తే ప్లాను మారిపోయి ఉంది. పొద్దున మూల మీదున్న దర్జీ ఇల్లు నడిమధ్యకి వచ్చి హాయిగా కూర్చుంది. తన మేడ రోడ్డు చివరకి పోయింది. లాండ్రీ ఆయన షాపు దర్జీ ఇంటి వెనక్కి పోయి గోడ తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆవిడ కేకేసి దర్జీనీ లాండ్రీ ఆయన్నీ బాల్కనీలోకి పిలిచి చూపించింది.

"పొద్దున మూల మీదున్న నీ ఇల్లు పూట తిరక్కుండా మధ్యకి ఎలా వచ్చింది?" అని లాండ్రీ ఆయన దర్జీ కాలరు పట్టుకున్నాడు. "ఎవరి కాళ్ళు పట్టుకున్నావ్? చెప్పు!"

"నేనెవరి కాళ్ళూ పట్టుకోలేదు మహాప్రభో! పొద్దుట్నుంచీ మిషను మీదే ఉన్నా!"

"నీ షాపు నా మేడకి ఆనించుకున్నప్పుడు నీకు బాగానే ఉందిగా," అని పెద్దమ్మగారు లాండ్రీ ఆయన్ని దులిపింది.

ఏళ్ళ తరబడి ఒకరి కత్తెర ఒకరు, ఒకరి నిచ్చెన ఒకరు వాడుకున్న మనుషులు ఆ మధ్యాహ్నం మూడు ముక్కలయ్యారు. ఎవరికి వారు లోపల ఒకటే అనుకున్నారు. ఒక్క పూటలో మారిన ప్లాను ఇంకో పూటలోనూ మారగలదు. అడగడంలో తప్పేముంది?

ముందు దర్జీ వచ్చాడు. పళ్ళావిడ కింది పలువరసకి నునుపు పడుతోంది. ఆయన గుమ్మంలో నిలబడి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అక్కయ్యగారూ, మేడ మీదిది... మేం చూశామండీ."

పళ్ళావిడ చేతిలోని పళ్ళు జారి ఒళ్ళో పడ్డాయి. ఇన్నాళ్ళ రహస్యం! ముఖం ఎర్రబడింది. నవ్వుతాడేమోనని భయంభయంగా చూసింది. దర్జీ నవ్వడం లేదు. ఎంతో గౌరవంగా చూస్తున్నాడు.

"చూశారా? ఎలా ఉంది?" అంది చిన్నపిల్లలా.

"అచ్చం మా ఇల్లేనండీ. చూడగానే గుండె ఆగినంత పనయింది."

"అంత బాగుందా!"

దర్జీ మళ్ళీ టోపీ తీశాడు. "అక్కయ్యగారూ, ఒక్క మాట. మా ఇంటిని ఇప్పుడున్న మధ్యలోనే ఉంచేస్తారా? మళ్ళీ మూలకి తోసెయ్యరు కదా?"

పళ్ళావిడకి ప్రాణం లేచొచ్చింది. నాలుగేళ్ళలో భర్తా డాక్టరూ తప్ప ఎవరూ అడగని ప్రశ్న, దర్జీ అడుగుతున్నాడు! "దాందేముందండీ, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు! అందుకే కదా ముక్కలు ముక్కలుగా చేసింది. రేపు మధ్యలో పెడదాం, వచ్చే వారం మళ్ళీ చివరికి జరుపుదాం!"

"వారం వారం జరుపుతారా?"

"జరపకపోతే మజా ఏముంటుందీ?"

దర్జీ తలెత్తి పైకి చూశాడు. "మరి ఆ పైకప్పు..."

"పైకప్పు ఉండదండీ. తీసెయ్యాల్సిందే. పైకప్పు ఉంటే లోపలున్నవాళ్ళని చేత్తో పట్టుకుని బయట పడెయ్యడం కష్టం."

దర్జీ గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు. సంతోషం పట్టలేక వెళ్ళిపోయాడనుకుంది పళ్ళావిడ.

పదినిమిషాలకి లాండ్రీ ఆయన వచ్చాడు. పొద్దున పెట్టిన బట్టలనే మళ్ళీ ఇస్త్రీ చేసి తెచ్చాడు. అతను కూడా మేడ మీదిది చూశానన్నాడు. పళ్ళావిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంతకాలం ఈ మనుషుల్ని తనే తక్కువ అంచనా వేసుకుంది.

"అన్నిటికీ మామూలు రంగే ఉంది, మాకొక్కళ్ళకే ఆ గులాబీ ఎందుకండీ?" అన్నాడతను ఏడుపు గొంతుతో. "అది తీసెయ్యడానికి ఇప్పుడైనా వీలుందా?"

"అయ్యో, నచ్చలేదా? చిగుళ్ళకి వేసే రంగు కాస్త మిగిలిపోతే వేశాను. ఇప్పుడు మారిస్తే రేపటికి ఆరదు. పోనీలెండి, ఎలాగూ మీ షాపు ఎంతోసేపు నిలబడదుగా!" అని ఆవిడ అతని భుజం తట్టింది.

సరిగ్గా ఆ సమయానికే మున్సిపల్ జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. ఆవిడ బావ దిగాడు. ఆవిడ అక్క వారం కిందట పట్టుకుపోయిన గొడుగు ఇవ్వడానికి వచ్చాడు. జీపులో ఇంజనీరు లేడు. గొడుగిచ్చి, మంచినీళ్ళు తాగి, "మరదలు పిల్లా, రేపటి పని గట్టిగా చెయ్యి, ఒక్క ఇల్లు కూడా వదలకు!" అని గట్టిగా నవ్వి వెళ్ళిపోయాడు. ఆట సంగతి అక్క చెప్పి ఉంటుంది. వీధిలో మూడు కిటికీలు ఒకేసారి మూసుకున్నాయి.

నాలుగున్నరకి పళ్ళావిడ పని ముగించి మోటారు కట్టేసి చూస్తే, వీధిలో చప్పుడు లేదు. దర్జీ మిషను ఆగిపోయింది. లాండ్రీకి తాళం. తన గుమ్మం ముందు నుంచి ఒక్క మనిషి కూడా నడవడం లేదు. సెలవేమోనని క్యాలెండరు చూసుకుంది. కాదు. సరేననుకుని అట్టపెట్టెలు తీసుకుని మేడెక్కింది.

వీధి మొత్తం పెద్దమ్మగారి వెనక మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళిందని ఆవిడకి తరవాత తెలిసింది. అక్కడ ఇంజనీరు, అలాంటి ప్లానేదీ లేదని ముందు నవ్వాడట. పెద్దమ్మగారు వదల్లేదట. "నా కళ్ళతో చూశానయ్యా. ప్రతి ఇల్లూ ఉంది. కొలతలతో సహా ఉంది. ఎవరిది ఎంత వరకు కొడతారో పగలగొట్టి మరీ చూపించారు," అందట. ఆ మాటకి ఇంజనీరు నవ్వు ఆగిపోయి, టేబుల్ సొరుగు తాళం ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని, "జీపు తియ్యి," అన్నాడట డ్రైవరుతో, అదో రకం గొంతుతో.

పళ్ళావిడ మూడు పలకలు పెట్టెలో సర్దేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ముందు ఇంజనీరు. ఆయన వెనక రక్తం చుక్క లేని ముఖంతో బావ. ఆ వెనక పెద్దమ్మగారు, దర్జీ, లాండ్రీ ఆయన, ఇంకా వీధి వీధంతా. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన ఆవిడ భర్త అందరి వెనకా మునివేళ్ళ మీద నిలబడి, ఏమైందని ఎదుటివాళ్ళ వీపుల్ని అడుగుతున్నాడు.

అంతమందిని చూసి ఆవిడకి ముందు సంబరం వేసింది. తరవాత వాళ్ళ ముఖాలు చూసింది.

"ఇది ఎవరు చేశారు?" అన్నాడు ఇంజనీరు.

"నేనేనండీ."

"వివరాలు ఎవరిచ్చారు?"

"మా ఆయన కొలుచుకొచ్చారండీ."

"ఆహా, మీ ఆయన! మరి మీ బావకి ఏమీ తెలియదన్నమాట!" ఇంజనీరు డ్రైవరు వైపు తిరిగాడు. బావ రెండు చేతులూ ఎత్తేశాడు. "సార్, నాకు గొడుగు తప్ప ఏమీ తెలియదు సార్!"

"అమ్మాయ్," అంది పెద్దమ్మగారు. "ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? మేం నీకేం అపకారం చేశాం?"

"ఏం చెప్పాలండీ? నాకేం అర్థం కావడం లేదు!" పళ్ళావిడ ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. పొద్దుట్నుంచీ వాళ్ళు వచ్చి మెచ్చుకున్నది మెచ్చుకోలు కాదని ఇప్పుడు మెల్లమెల్లగా తెలుస్తోంది. చేతిలో పలక పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇది ఆట అని చెప్పడానికి నోరు తెరిచింది. కానీ అప్పటికే ఇంజనీరు మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి టేపు తీసి బొమ్మల రోడ్డుని కొలుస్తున్నాడు. కొలిచిన కొద్దీ ఆయన కోపం పెరిగింది.

"సరే, ఎక్కడో సంపాదించారు. సంపాదించినవాళ్ళు సరిగ్గా అయినా చెయ్యొద్దూ? రోడ్డు ఇంత వెడల్పా? మేం తీసుకునేది పక్కకి పన్నెండడుగులే! మీరు ఇళ్ళ నడుముల దాకా కొట్టి పారేశారు. ఇలాంటి అబద్ధాలు చూపించి జనాన్ని బెదరగొడితే ఎలా అండీ? పన్నెండంటే పన్నెండే! అదైనా వచ్చే నెల సంగతి!"

వీధి మొత్తం ఒక్కసారిగా మూలిగింది. దర్జీ నేల మీద చతికిలబడ్డాడు. అంటే అంతా నిజమేనన్నమాట. ఎవరో వెనక నుంచి, "పళ్ళావిడకి అంతా తెలుసు!" అని అరిచారు.

ఆ అరుపు మీదే డాక్టరుగారు మెట్లెక్కి వచ్చాడు. చెప్పిన టైముకి పది నిమిషాలు ముందే. చంకలో చెక్కపెట్టె, ముఖం నిండా నవ్వు.

"ఏమండీ, ఊరు ఆరిందా? నా సైన్యం సగం కింద కార్లోనే ఉంది!"

"సైన్యమా?" అన్నాడు ఇంజనీరు.

"రెండు వందల ముప్పై మంది. ట్యాంకులు వేరే. మీరు కూడా ఆటకి వచ్చారా? రండి రండి, కొత్తవాళ్ళు వస్తే మాకు సంతోషమే!" డాక్టరు అక్కడి గాలి ఏమీ పట్టించుకోకుండా పెట్టె తెరిచి, ముగ్గురు సీసపు సిపాయిల్ని తీసి మూడంతస్తుల మేడ మీద నిలబెట్టాడు. పిడికిలంత ట్యాంకు ఒకటి తీసి రోడ్డు మీద దొర్లించాడు. పాచిక వేశాడు. "చూశారా, అయిదు! ఈ మేడ పోయినట్టే!"

దర్జీ నేల మీది నుంచే ముందుకి పాకి తన ఇంట్లోకి తొంగిచూశాడు. లోపల బల్ల మీద గోరంత కుట్టుమిషను ఉంది. దాని పక్కన పురుగంత కత్తెర.

"ఆటండీ ఇది," అంది పళ్ళావిడ సన్నగా. "బొమ్మల ఆట. నవ్వుతారని చెప్పలేదు. వేరే ఊళ్ళు నేనెప్పుడూ చూడలేదు. అందుకని మన వీధే చేశాను."

పెద్దమ్మగారు దుప్పటి అంచున కూర్చుని, తన మేడ ఉన్న పలకని దగ్గరికి లాక్కుంది. మూడో అంతస్తు సగం కూలింది. కానీ బాల్కనీ చెక్కుచెదరలేదు. అందులో ఒక కుర్చీ. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. పొట్టి కాలి కింద చిన్న ఇటుక ముక్క.

"ఇది..." అని ఆగింది.

"పెదనాన్నగారి కుర్చీ," అంది పళ్ళావిడ. "సాయంత్రం పూట అందులోనే కూర్చునేవారు కదండీ. అన్నీ కూలగొట్టాను గానీ, బాల్కనీ దగ్గరకి వచ్చేసరికి చెయ్యి రాలేదు."

పెద్దమ్మగారు ఆ కుర్చీని చూపుడువేలి కొసతో తాకింది. తరవాత ముక్కు తుడుచుకుని, లేచి నిలబడి, ఇంజనీరు వైపు తిరిగింది.

"బాబూ. ఇది బొమ్మల ఆటట."

"అవునండీ, అదే... వింటున్నాను," అన్నాడు ఇంజనీరు, టేపు జేబులో పెట్టుకుంటూ.

"మరి ఆ పన్నెండడుగులేంటి నాయనా?"

టేపు జేబులోకి వెళ్ళలేదు. పొడుగ్గా సాగి కిందికి వేలాడింది.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు," అంది పెద్దమ్మగారు, "మేం బొమ్మను చూసి అడిగితే, నువ్వు సొరుగు తడుముకున్నావ్. వచ్చే నెల అన్నావ్. నేను చెవిటిదాన్ని కాదు. చెప్పు, ఎవరి ఇల్లు పన్నెండడుగులు?"

ఇంజనీరు ప్లాను ఇంకా ఆలోచనలోనే ఉందన్నాడు. ఆలోచనలో ఉన్నది సొరుగులో ఎందుకుందని దర్జీ అడిగాడు. ఈ రోడ్డు మీద వాహనాలు తిరగాలి కదా అని ఇంజనీరు గొణిగాడు. అప్పుడు పళ్ళావిడ, మంచి చెప్పబోయి, "నా రోడ్డు వెడల్పు ట్యాంకుల కోసమండీ. మామూలు బళ్ళకైతే ఇప్పుడున్నది చాలు, నేను కొలిచి చూశాను," అంది. ఆవిడ భర్త వెనక నుంచి చెయ్యెత్తి, "నేనే కొలిచాను!" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంజనీరు మేడ దిగేసరికి ఆయన తలప్రాణం తోకకొచ్చింది. దిగడానికి ముందు, వీధివాళ్ళందరినీ కూర్చోబెట్టి అడక్కుండా ఒక్క గోడని కూడా ముట్టుకోబోమని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. కాగితం దొరక్కపోతే డాక్టరుగారు ఆట నిబంధనల కాగితం వెనక వైపు ఇచ్చాడు. లాండ్రీ ఆయన దాన్ని ముడత పడకుండా ఇస్త్రీ చేస్తానని పట్టుకుపోయాడు. డ్రైవరు బావ జీపు స్టార్ట్ చేస్తూ మరదలి వైపు చూసి, నోరు మెదపకుండా గొడుగు విప్పి మూసినట్టు సైగ చేశాడు. దానర్థం ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మర్నాడు క్లబ్బులో పదిహేను కుర్చీలుంటే వీధి నుంచే నలభై మంది వచ్చారు. పక్క పట్నాల ఆటగాళ్ళు గోడలకి ఆనుకుని నిలబడాల్సి వచ్చింది. ఎవరి ఇంటి దగ్గర వాళ్ళు కాపలా కాశారు. దర్జీ తన కిటికీలోంచి శత్రువు దూరుతున్నాడని కేకలు పెట్టాడు. లాండ్రీ ఆయన తన షాపు ఇంకా నిలబడే ఉందని ప్రతి విడతకీ అందరికీ గుర్తు చేశాడు. డాక్టరుగారి ఫిరంగి మూడంతస్తుల మేడకి గురిపెట్టినప్పుడు పెద్దమ్మగారు లేచి, "ఆ బాల్కనీ జోలికొచ్చావంటే నీ పళ్ళు రాలగొడతా," అంది. ఆయన పళ్ళ డాక్టరు కాబట్టి ఆ మాటకి అందరికన్నా ఎక్కువగా ఆయనే నవ్వి, ఫిరంగిని మర్యాదగా పక్కకి తిప్పుకున్నాడు. దాంతో ఆయన ఓడిపోయాడు. ఇన్నేళ్ళలో పళ్ళావిడ గెలవడం అదే మొదటిసారి. ఇంటికి వెళ్ళేటప్పుడు ఇరవై నాలుగు పలకల్ని ఇరవై నాలుగు మంది మోశారు. ఆవిడ చేతికి ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆ తరవాత సోమవారం ఇంజనీరుగారి మనుషులు టేపులు పట్టుకుని పక్క వీధిలో కనిపించారు. మంగళవారం పొద్దున ఆ వీధి పెద్దలు నలుగురు, తమ ఇళ్ళ కొలతలన్నీ తామే కొలిచి రాసుకుని, పళ్ళావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఎంత ఆలస్యమైనా నెలాఖరులోగా తమ వీధిని కూడా నేలమట్టం చేసి పెట్టమని చాలా మర్యాదగా అడిగారు.